మోటారు సైకిలు దీపము: వెలుగును పెంచుట, చట్టమునకు లోబడుట



హోసూరు పట్టణమునకును ద్విచక్ర వాహనమునకును గల సంబంధమును మీకు క్రొత్తగా చెప్ప నక్కరలేదు. 1980వ సంవత్సరమున 'టి.వి.ఎస్. 50' అను మోపెడు ఇచటి కర్మాగారము నుండియే వెలువడెను. మీలో ననేకుల తండ్రులును అన్నలును వాహనములను, వాని భాగములను తయారుచేయు కర్మాగారములలో పనిచేయువారే. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చువారు, తెల్లవారక మునుపే గులాబీలను, కూరగాయలను సంతకు చేర్చు రైతులు, అత్తిబెలె దాటి బెంగుళూరికి పోవు ఉద్యోగులు, అందరును చీకటిలో మోటారు సైకిలు దీపమునే నమ్ముకొని ప్రయాణము చేయుచున్నారు. ఆ దీపము చాలదని తోచినప్పుడు అంతకంటె పెద్ద బల్బును వేయించుట ఇప్పుడు వాడుకయైనది. అట్లు చేయుట మంచిదా? చట్టము దాని నంగీకరించునా? ఈ రెండు ప్రశ్నలను ఈ పాఠమున విచారింతము.

చట్టము ఆంగ్లమున నున్నది. ప్రభుత్వ ప్రకటనలు తమిళమున నున్నవి. ఇంట తెలుగు మాత్రమే చదువగల పెద్దలకు ఈ సంగతులు తెలియజెప్పువారు మీరే. కావున ఈ పాఠమును మీ కొరకు మాత్రమే గాక వారి కొరకు కూడ చదువుడు.

1. దీపము చేయవలసిన పని

వాహన దీపమునకు రెండు ధర్మములు గలవు. నడపువానికి దారి చూపుట మొదటిది. ఎదుటివారికి ఈ వాహనము వచ్చుచున్నదని తెలుపుట రెండవది. మొదటి ధర్మమును నెరవేర్చుటలో రెండవదానికి భంగము కలిగెనా, ఆ దీపము ఎంత గొప్పదైనను దోషయుక్తమే.

దారి ఎంత దూరము కనబడవలెనో లెక్కించి చూతము. గంటకు 60 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు 16.7 మీటర్లు. అడ్డమును చూచి బ్రేకు నొక్కుటకు మనస్సునకును చేతికిని కలిసి సుమారు ఒకటిన్నర సెకను పట్టునని అనుకొందము. ఆ లోపల వాహనము 25 మీటర్లు పోవును. మంచి రోడ్డు మీద బ్రేకు పట్టిన తరువాత నిలుచుటకు మరి 28 మీటర్లు కావలెను. మొత్తము 53 మీటర్లు. అదే 80 కిలోమీటర్ల వేగమున నైనచో 83 మీటర్లగును. వేగము మూడవ వంతు పెరుగగా ఆగు దూరము సగమునకు పైగా పెరిగినది. దీనినిబట్టి ఒక సంగతి స్పష్టము: దీపము చాలనప్పుడు ఖర్చులేని మొదటి చికిత్స వేగమును తగ్గించుట.

2. దీపముల పరంపర

తొలినాటి మోటారు సైకిళ్ళకు విద్యుద్దీపములు లేవు. కాల్షియము కార్బైడు మీద నీరు బొట్లుబొట్లుగా పడగా ఎసిటిలీను వాయువు పుట్టును. ఆ వాయువును మండించి వెలుగు పొందెడివారు. ఆ తరువాత డైనమోలు, బ్యాటరీలు వచ్చినవి. వానితో గాజు బుడ్డిలోని టంగ్‌స్టను తీగ వెలుగసాగెను. టంగ్‌స్టను 3,422 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద గాని కరుగదు. అయినను ఎఱ్ఱగా కాలిన తీగ నుండి పరమాణువులు కొంచెము కొంచెముగా ఆవిరియై గాజుకు అంటుకొని బల్బును నల్లబరచును. పాత బల్బు మసకబారుటకు కారణమిదియే.

ఈ లోపమును హాలోజను బల్బు తీర్చినది. అందు అయొడిను గాని బ్రోమిను గాని స్వల్పముగా నుండును. ఆవిరియైన టంగ్‌స్టనుతో అది కలిసి, తిరిగి తీగయొద్దకు చేరి, లోహమును అచటనే విడుచును. ఐరోపాలో ఇట్టి బల్బు 1962లో కార్లకు వచ్చెను. ఒకే బుడ్డిలో రెండు తీగలు గల 'హెచ్-4' రకము 1971లో వచ్చెను. మన దేశపు చిన్న మోటారు సైకిళ్ళలో పెక్కింటికి 'హెచ్.ఎస్-1' అను 35/35 వాట్ల బల్బు వాడుకలోనున్నది. బుల్లెట్టు వంటి పెద్ద బండ్లకు 60/55 వాట్ల హెచ్-4 అమర్చబడినది.

ఇప్పుడు ఎల్.ఇ.డి. దీపముల కాలము. నీలి కాంతి నిచ్చు అర్ధవాహకము మీద పసుపు కాంతి నిచ్చు పొడిని పూయగా రెండును కలిసి తెలుపుగా కనబడును. నీలి ఎల్.ఇ.డి.ని సాధించిన జపానుకు చెందిన అకాసాకి, అమానోలకును, జపానులో జన్మించిన నకమురాకును 2014లో భౌతిక శాస్త్రమున నోబెలు బహుమతి లభించెను. తక్కువ విద్యుత్తుతో ఎక్కువ వెలుగు నిచ్చుట దీని గుణము. కాని గుణము గల వస్తువు కూడ తగని చోట పెట్టినచో దోషమగును.

3. బల్బు ఒక్కటే దీపము కాదు

సామాన్యముగా జనులు బల్బునే దీపమనుకొందురు. నిజమునకు దీపమనగా బల్బు, దాని వెనుకనున్న అద్దపు గిన్నె, ముందరి గాజు, ఈ మూడును కలిసిన యంత్రము. అద్దపు గిన్నె పరావలయాకారమున నుండును. దానికి నాభి అను బిందువు గలదు. నాభి వద్ద నున్న వెలుగు గిన్నెపై బడి సమాంతర కిరణములుగా ముందునకు పోవునని మీరు భౌతిక శాస్త్రమున చదివియున్నారు.

రెండు తీగల బల్బులో పైవెలుగు తీగ, అనగా దూరమును చూపునది, నాభి వద్ద నుండును. దించు వెలుగు తీగ నాభికి కొంచెము ముందుండును. దాని క్రింద చిన్న లోహపు దొప్ప యొకటి గలదు. ఆ దొప్ప వలన కాంతి గిన్నె పై సగము మీదనే పడి, అచటి నుండి క్రిందికి వంగి రోడ్డు మీదికి పోవును. ఎదుటివాని కంటికి పోవలసిన కాంతిని ఆ చిన్న దొప్పయే అడ్డుకొనుచున్నది. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాలో ఈ ఏర్పాటంతయు నిలిచియున్నది.

హాలోజను బల్బుకై చేసిన గిన్నెలో అంగడిలో దొరకు ఎల్.ఇ.డి. బల్బును దూర్చినచో నేమగును? తీగకు బదులు చదరపు బిళ్ళలు రెండు ప్రక్కల నుండును. అవి నాభికి సరిగా కుదురవు, దొప్పయు సరిపడదు. వెలుగు చెదరి, రోడ్డు మీద పడవలసినది చెట్లకొమ్మల మీదను, ఎదుటివారి ముఖముల మీదను పడును. నడపువానికి ముందున్న పది మీటర్ల నేల తెల్లగా మెరసిపోవును. అది చూచి అతడు దీపము బ్రహ్మాండముగా నున్నదని సంతోషించును. కాని దగ్గరి నేల మిక్కిలి ప్రకాశించినచో కంటిపాప ముడుచుకొని, దూరపు చీకటి మరింత చీకటియగును. తయారీదారుడే ఎల్.ఇ.డి. కొరకు గిన్నెను, గాజును ప్రత్యేకముగా రూపొందించి పరీక్షింపజేసిన దీపమునకు ఈ దోషము వర్తింపదు.

4. వాట్లు పెంచినచో జరుగునది

మెకానిక్కు దుకాణములలో ఇట్టి సంభాషణ తరచుగా వినబడును.

"అన్నా, ఈ వెలుగు చాలలేదు. నూరు వాట్ల బల్బు వెయ్యి."

"వేస్తాను తమ్ముడూ, కానీ హోల్డరు కాలిపోతే నన్ను అడగొద్దు."

ఆ మెకానిక్కు మాటలో భౌతిక శాస్త్రమంతయు గలదు. 12 వోల్టుల వద్ద 35 వాట్ల బల్బునకు కావలసిన విద్యుత్ ప్రవాహము 35 ÷ 12 = 2.9 ఆంపియర్లు. నూరు వాట్ల బల్బునకు 8.3 ఆంపియర్లు. వైరు, స్విచ్చి, హోల్డరు, ఈ మూడింటి నిరోధము కలిసి 0.2 ఓములని అనుకొందము. జౌలు సూత్రము ప్రకారము వేడిమి ప్రవాహపు వర్గముతో నిరోధమును గుణించగా వచ్చును. చిన్న బల్బుతో 1.7 వాట్ల వేడిమి. పెద్ద బల్బుతో 13.9 వాట్లు. బల్బు శక్తి మూడు రెట్లు కాకమునుపే వైరులోని వేడిమి ఎనిమిది రెట్లయినది. ప్లాస్టికు మెత్తబడుట, స్విచ్చి మాడుట, ఫ్యూజు తెగుట దీని ఫలములు. ఫ్యూజు తెగుచున్నదని అంతకంటె లావు ఫ్యూజు వేయువారు కలరు. కాపలావానిని పంపివేసి దొంగ రాలేదనుకొనుట వంటిది ఇది; వైరే ఫ్యూజుగా మారి మండును.

మరియొక వింత గలదు. పై లెక్కలోనే వోల్టేజి నష్టమును చూడుడు. పెద్ద బల్బునకు దారిలో 1.7 వోల్టులు పోవును. అనగా బల్బునకు చేరునది సుమారు 10.3 వోల్టులే. టంగ్‌స్టను తీగ వెలుగు వోల్టేజి తగ్గినదానికంటె మిక్కిలి వేగముగా తగ్గును. పదింట ఒక వంతు వోల్టేజి పోయినచో వెలుగు సుమారు పదింట మూడు వంతులు పోవును. ఈ ఉదాహరణమున నూరు వాట్ల బల్బు తన వెలుగులో సుమారు 60 శాతమే ఇచ్చును. మిగిలిన ధనము వైరును కాల్చుటకే వినియోగమైనది.

దూరము విషయము కూడ చూడుడు. వెలుగు దూరపు వర్గమునకు విలోమముగా తగ్గునని మీకు తెలియును. రెట్టింపు దూరము చూడవలెనన్న నాలుగు రెట్ల వెలుగు కావలెను. మూడు రెట్ల వెలుగు తెచ్చినను చూపు 1.7 రెట్లు మాత్రమే సాగును. ఎదుటివాని కంటి బాధ మాత్రము మూడు రెట్లగును.

పాత నమూనా బండ్లలో మరియొక చిక్కు గలదు. వానిలో కొన్నింటికి దీపము బ్యాటరీతో గాక ఇంజను త్రిప్పు మాగ్నెటో విద్యుత్తుతో నేరుగా వెలుగును. ఇంజను నెమ్మదించినప్పుడు దీపమును మసకబారును. అట్టి యంత్రము ఉత్పత్తిచేయు విద్యుత్తునకు పరిమితి గలదు. దానిని మించిన బల్బును వేసినచో దొరకునది అధిక కాంతి కాదు, అధిక మసకయే.

5. ఎదుటివాని కన్ను

మన కంటిలో రెండు విధములైన గ్రాహక కణములు గలవు. పగటి చూపునకు శంకు కణములు, రాత్రి చూపునకు దండ కణములు. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడుటకు 20 నుండి 30 నిమిషములు పట్టును. ఆ అలవాటును ఒక్క తీవ్రమైన వెలుగు క్షణములో చెరచును. తిరిగి చూపు కుదుటపడుటకు కొన్ని సెకన్లు కావలెను. 60 కిలోమీటర్ల వేగమున మూడు సెకన్లనగా 50 మీటర్లు. అంత దూరము ఎదుటివాడు గ్రుడ్డివానివలె వచ్చుచున్నాడు. అతడు ఎవరి మీదికి వచ్చుచున్నాడు? దీపమును పెంచుకొన్నవాని మీదికే. వయస్సు పెరిగినకొలది కంటి కటకము మసకబారి వెలుగును చెదరగొట్టును. కావున వృద్ధులకు ఈ బాధ అధికము.

మన గ్రామ మార్గములను తలచుకొనుడు. దీపము లేని సైకిలు త్రొక్కువాడు, ఎడ్లను తోలుకొని ఇంటికి పోవు ముసలి రైతు, పాలక్యానుతో నడచు స్త్రీ, వీరందరును ఆ మిరుమిట్ల వెనుక మాయమగుదురు. ఎదురెదురుగా వచ్చు రెండు తీవ్ర దీపముల నడుమ నడచు మనిషి ఇద్దరికిని కనబడడు. దీపము క్రింద చీకటి యని పెద్దలు చెప్పిన మాట ఇచట అక్షరాల నిజము.

వెలుగు తీవ్రత మాత్రమే గాక దాని వాలు కూడ ముఖ్యము. దీపము నేల నుండి 90 సెంటీమీటర్ల ఎత్తున నున్నదనుకొందము. వెలుగు పై అంచు ప్రతి 10 మీటర్లకు 10 సెంటీమీటర్లు దిగునట్లు అమర్చినచో అది 90 మీటర్ల వద్ద నేలను తాకును. అట్లుగాక ఒక్క డిగ్రీ పైకెత్తినచో 50 మీటర్ల వద్ద అది 1 మీటరు 77 సెంటీమీటర్ల ఎత్తున పోవును. ఎదుట మోటారు సైకిలు మీద కూర్చున్నవాని కన్ను అంతకంటె దిగువనే యుండును. ఒక్క డిగ్రీ! వెనుక ఇద్దరు కూర్చున్నను, బరువు మూట కట్టినను ముందు భాగము లేచి ఈ దోషము దానంతటదే కలుగును.

6. చట్టము చెప్పునది

మన దేశమున దీనికి మూలము 1988 నాటి మోటారు వాహనముల చట్టము. అందలి 52వ సెక్షను ప్రకారము, తయారీదారుడు నిర్ణయించిన, రిజిస్ట్రేషను పత్రములో చేరిన వివరములకు భిన్నముగా నుండునట్లు యజమాని వాహనమును మార్చరాదు. తయారీదారుని మూల నిర్ణయమునకు విరుద్ధమైన మార్పులు చెల్లవని 2019 జనవరిలో సుప్రీము కోర్టు కేరళ రాష్ట్రమునుండి వచ్చిన వ్యాజ్యమున తీర్పు చెప్పెను.

"ఆర్.సి. బుక్కులో బల్బు వాట్లు వ్రాసియుండవు గదా!" అని కొందరు వాదింతురు. ఈ వాదము పూర్తిగా నిలువదు. దీపములకు 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములు వేరుగా గలవు. మోటారు సైకిలునకు ముందు దీపములు ఒకటి గాని రెండు గాని యుండవలెననియు, 155 మీటర్ల దూరమున నున్న మనుష్యులను, వాహనములను స్పష్టముగా కనబరచవలెననియు 105వ నియమము చెప్పుచున్నది. వాహనమునకు ముందు వైపున వెదకు దీపమును అధికారి ముందస్తు అనుమతి లేక అమర్చరాదని 111వ నియమము. ముందునకు ఎఱ్ఱని వెలుగును చూపరాదు. ఇదిగాక ప్రతి నమూనా వాహనమును అమ్మకమునకు ముందు పూనా నగరమునందలి ఎ.ఆర్.ఎ.ఐ. వంటి సంస్థలలో పరీక్షింపవలెను. దీపము ఆ పరీక్షలో భాగమే. పరీక్షలో నెగ్గినది ఒక బల్బు, రోడ్డు మీద వెలుగునది మరియొకటి యైనచో ఆ పరీక్షకు అర్థమేమి?

2019లో చట్టము సవరింపబడి 182-ఎ అను సెక్షను చేరినది. దాని ప్రకారము, క్రొత్త భాగములను తగిలించుటతో సహా, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు మాసముల వరకు కారాగారము గాని, ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. నియమములకు లోబడని కీలక భద్రతా భాగములను అమ్మువానికి ఏడాది వరకు కారాగారము గాని, ఒక్కొక్క భాగమునకు లక్ష రూపాయల జరిమానా గాని, రెండును గాని కలవు. వేరుగా శిక్ష చెప్పని చిన్న ఉల్లంఘనలకు 177వ సెక్షను క్రింద మొదటిసారి 500 రూపాయల వరకు, తరువాత 1,500 రూపాయల వరకు జరిమానా. మన పొరుగున కర్ణాటక పోలీసులు 2024 జూలై నుండి మిరుమిట్లు గొలుపు ఎల్.ఇ.డి. దీపముల మీద ప్రత్యేకముగా కేసులు నమోదు చేయ నారంభించిరి. బెంగుళూరికి నిత్యము పోయివచ్చువారు దీనిని గుర్తుంచుకొనవలెను.

ఒక సంగతి మరువకుడు. 2017 ఏప్రిల్ 1వ తేదీ నుండి క్రొత్త ద్విచక్ర వాహనములకు ఇంజను నడచినంతసేపు దీపము దానంతటదే వెలుగవలెనని నిర్ణయించిరి. పగలు కూడ ఎదుటివారికి కనబడుటకే ఈ ఏర్పాటు. దీనిని ఆర్పుటకు వేరు స్విచ్చి పెట్టించుటయు మార్పే యగును.

జరిమానా ఒక్కటే నష్టము కాదు. వైరులను కోసినచో కంపెనీ వారంటీ పోవచ్చును; బీమా సంస్థకు తెలుపని మార్పు వలన పరిహారము విషయమున వివాదము రావచ్చును.

7. న్యాయమైన మార్గములు

అట్లయిన, వెలుగు చాలనివాడు ఊరకుండవలెనా? అక్కరలేదు. చట్టమును దాటకయే చేయదగిన పనులు పెక్కులు గలవు.

మొదట గాజును శుభ్రపరచుడు. దుమ్ము, పురుగులు, పసుపుబారిన ప్లాస్టికు వెలుగును మ్రింగివేయును. హెల్మెట్టు అద్దముపై గీతలున్నచో ఎదుటి వెలుగు నక్షత్రమువలె చెదరును, దానిని మార్చుడు.

రెండవది, నల్లబడిన పాత బల్బును తీసి అదే రకము, అదే వాట్లు గల మంచి బల్బును వేయింపుడు. హెచ్.ఎస్-1, హెచ్-4 బల్బులు చూచుటకు ఒక్కతీరుగ నుండును. అడుగు రేకులలో తేడా గలదు. ఆ రేకులను ఆకురాయితో రాచి ఇరికించుట తగదు. ఆ తేడా పెట్టినదే ఒకదాని చోట మరియొకటి పట్టకుండుటకు. హాలోజను గాజును వ్రేళ్ళతో ముట్టరాదు. చేతి జిడ్డు అంటినచోట గాజు వేడెక్కి పగులును.

మూడవది, బ్యాటరీని, ఛార్జింగును, త్రుప్పు పట్టిన ఎర్తు కనెక్షనును చూపింపుడు. పోయిన వోల్టేజిని తిరిగి తెచ్చినచో, పైన లెక్కించినట్లు, అదే బల్బు ఎంతో ప్రకాశించును. కొన్ని బండ్లకు కావలసినది క్రొత్త బల్బు కాదు, శుభ్రమైన కనెక్షనే.

నాల్గవది, దీపము వాలును సరిచేయింపుడు. ఐదవది, అప్పటికిని చాలనిచో, ఆ నమూనాకే తయారీదారుడు ఆమోదించిన దీపమును అధీకృత డీలరు వద్ద అమర్పించి రసీదును భద్రపరచుడు. ఎడమ ప్రక్క నడచు మన దేశమునకు, కుడి ప్రక్క నడచు దేశముల దీపములు పనికిరావు. వానిలో కొన్ని తమ వెలుగును కుడివైపున, అనగా మనకు ఎదుటివాని కంటివైపున, పైకెత్తును.

అన్నిటికంటె ముఖ్యమైనది బొటనవ్రేలి క్రింద నున్న డిమ్-డిప్ స్విచ్చి. ఎదుట వాహనము కనబడగానే వెలుగును దించుట చట్టము విధించిన కర్తవ్యము, అంతకుమించి మర్యాద. ఎదుటివాడు దించకున్నను మనము దించవలెను. ఇద్దరును చూపు కోల్పోవుటకంటె ఒక్కరైనను చూచుట మేలు గదా.

మీలో నెవరును పదునెనిమిదేండ్లు నిండక, లైసెన్సు పొందక, మోటారు సైకిలును నడుపరాదు. పిల్లలకు బండి నిచ్చిన పెద్దలకు 199-ఎ సెక్షను క్రింద మూడేండ్ల వరకు కారాగారమును, 25,000 రూపాయల జరిమానాయు గలవు. కాని దీపమును తుడుచుటకును, అన్నగారి బండి వాలును కొలిచి చూచుటకును లైసెన్సు అక్కరలేదు.

చేసి చూడుడు

సమతలముపై గోడకు ఎదురుగా 10 మీటర్ల దూరమున మోటారు సైకిలును పెద్దల సాయముతో నిలుపుడు. చక్రములలో గాలి సరిగా నుండవలెను. ఒకరు దానిపై కూర్చుండవలెను. దీపము నడిమి ఎత్తును కొలిచి గోడపై సుద్దతో గీత గీయుడు. దించు వెలుగును వేసి దాని పై అంచు ఆ గీతకు ఎంత దిగువన నున్నదో కొలువుడు. సుమారు 10 సెంటీమీటర్లు దిగువన నున్నచో మంచిది. గీతకు పైన నున్నచో మెకానిక్కుచే సరిచేయింపుడు. వెనుక మరియొకరు కూర్చున్నప్పుడు అంచు ఎంత లేచినదో కూడ వ్రాసికొనుడు.

ప్రశ్నలు

1. దించు వెలుగు తీగ క్రింద లోహపు దొప్ప ఎందులకు గలదు?
2. 60 వాట్ల బల్బునకు 12 వోల్టుల వద్ద ఎన్ని ఆంపియర్లు కావలెను? 35 వాట్ల బల్బుతో పోల్చిన వైరులో వేడిమి ఎన్ని రెట్లగును?
3. హాలోజను గిన్నెలో ఎల్.ఇ.డి. బల్బు పెట్టుటకును, తయారీదారుడు అమర్చిన ఎల్.ఇ.డి. దీపమునకును గల భేదమేమి?
4. "ఆర్.సి. బుక్కులో బల్బు వాట్లు లేవు, కావున మార్చవచ్చును" అను వాదమునకు మీ సమాధానమును ఐదు వాక్యములలో వ్రాయుడు.
5. ఈ పాఠములోని సంగతులను మీ ఇంటి పెద్దలకు తెలుగున ఒక లేఖగా వ్రాసి వినిపింపుడు.